ఈటా గాహన్, తొమ్మిదో గేటు

ఈటా గాహన్ మొట్టమొదట గెలిచింది నా మీద.

అంత తేలిగ్గా గెలవలేదు. పద్నాలుగు నెలలు తిరిగింది. మన లోయలో పాత రైలు లైను పదకొండు మంది రైతుల నేలల్లోంచి పోతుందని ఈ వార్షిక సంచిక చదివేవాళ్ళందరికీ తెలుసు. పదిమంది సంతకాలు పెట్టారు. పదకొండోవాణ్ణి నేను, ఫెస్టస్ గాహన్‌ని, ఈటాకి సొంత బాబాయిని. మా నేలలో లైను పొడవు పదకొండు వందల మీటర్లు. అది కలవకపోతే పైన కిల్‌బ్రాక్ నుంచి కింద సముద్రపు ఒడ్డున రోస్‌కల్లాన్ దాకా ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దారి మధ్యలో తెగిపోయినట్టే.

"నీకేం నష్టం బాబాయ్? అక్కడ ముళ్ళకంపలు తప్ప ఏమున్నాయి?" అని అడిగింది మొదటిసారి.

"ముళ్ళకంపలైనా నావి," అన్నాను.

"పోనీ, వాటికి కాపలాగా కుక్కపిల్లనొకటి తెచ్చిపెట్టనా?"

నేను నవ్వలేదు. ఆరో ఏడో రాకకి విసుగొచ్చి ఒక పందెం పెట్టాను. "మా నేలలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సైకిల్ మీద రా. కాలు కింద పెట్టకూడదు. అప్పుడు పెడతా సంతకం." అది అయ్యే పని కాదని తెలిసే అన్నాను. నాకు పదేళ్ళప్పుడు ఆఖరి రైలు పోయింది. తర్వాత పట్టాలు పీకేశారు, కంకర చెల్లాచెదురైంది, గుట్ట మీది నీళ్ళన్నీ లైను కోసం తవ్విన ఆ కోతలోకే దిగుతాయి, పైగా నా ఆవులు అరవై ఏళ్ళుగా తొక్కి తొక్కి మోకాలి లోతు బురద చేశాయి.

మొదటిసారి నలభై మీటర్లకే పడింది. నవంబరులో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పడ్డ ప్రతిసారీ మా వెనక తలుపులోంచి వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, టీ తాగి, ఆ మాటెత్తకుండా వెళ్ళిపోయేది. మా ఆవిడ డెలియా ఊరుకునేది కాదు. "అన్న కూతురు ఎముకలు విరగ్గొట్టుకుంటుంటే కిటికీలోంచి చూస్తున్నావు. ఆ సంతకమేమన్నా బంగారంతో పెడతావా?" అనేది.

ఇరవై మూడోసారి, ఏప్రిల్‌లో, ఈటా కాలు కింద పెట్టకుండా వచ్చేసింది. ఎలా వచ్చావని అడిగాను. టైర్లలో గాలి సగానికి తగ్గించిందట. బురద కింద స్లీపర్లు, అంటే పట్టాల కింది దుంగలు, పరుచుకున్న చోటు ఇంకా గట్టిగా ఉందని కర్రతో పొడిచి కనుక్కుని, ఆ గీత మీదే తొక్కిందట. ఆ నేల గట్టిగా ఎందుకుందో నాకు తెలుసు. మా నాన్న ఈ సెక్షన్‌కి ఇరవై ఆరేళ్ళు గ్యాంగ్ మేస్త్రీ. ఆయన కొట్టించిన కట్ట అది.

తల నుంచి కాళ్ళ దాకా నల్ల బురద. చొక్కాలోంచి కాగితం తీసింది. "తడిసిపోయింది బాబాయ్. నా వీపు మీద పెడతావా సంతకం?"

పెట్టాను, కాగితం మీదే.

ఈటా మా పెద్దన్నయ్య మాలకీ కూతురు. అన్నయ్య పోయేనాటికి ఆమెకు పంతొమ్మిది. ఇరవై రెండేళ్ళు ఈ లోయలో ఉత్తరాలు పంచింది, వ్యానులో. నలభై మూడేళ్ళకి కంకరదారి సైకిల్ కొనుక్కుంది. అది రేసు సైకిల్లాగే ఉంటుంది. దాని హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం బొటనవేలు కంటే రెండింతల వెడల్పు. పొట్టేళ్ళ సంగతి నాకు తెలుసు. జిల్లా సంతలో మూడేళ్ళు వరుసగా మొదటి బహుమతి నా పొట్టేలుకే వచ్చింది. నేను చదివింది ఇద్దరు టీచర్ల బడిలో, పద్నాలుగేళ్ళ దాకా. ఆ తర్వాత నాకు వచ్చినవన్నీ చేతులతో సంపాదించినవే. ఈటా సంపాదించింది కాళ్ళతో. అవి ఇక్కడ రాసిపెట్టడం నా బాధ్యత.

వర్షంలో, ఎదురుగాలిలో కిల్‌బ్రాక్ నుంచి రోస్‌కల్లాన్ దాకా గంటా ఇరవై రెండు నిమిషాల్లో తొక్కింది. ఆ సమయాన్ని ఇప్పటిదాకా ఎవరూ కొట్టలేదు, కుర్రవాళ్ళతో సహా. దేశంలోని నాలుగు పాత రైలుదారుల్ని కలుపుతూ పెట్టిన మూడువందల కిలోమీటర్ల సవారీలో ఆడవాళ్ళలో మూడోదిగా వచ్చింది. రాత్రంతా తొక్కి, పొద్దున్నే సోడా రొట్టె మీద వెన్న రాసుకుని తిని ఉత్తరాలు పంచడానికి పోయింది. గురువారం గుంపు అని ఆడవాళ్ళతో ఒకటి మొదలుపెట్టింది. పదహారుమంది. వాళ్ళలో తొమ్మిదిమంది అరవై దాటాకే సైకిల్ ఎక్కడం నేర్చుకున్నారు. తూములు పూడితే పార పట్టుకుని తనే దిగేది. దారిమీద సున్నపురాయి పొడి వేసి, ఏటా చలికాలం తర్వాత గుంటలు పూడ్చేది. చివరికి తపాలా ఉద్యోగం మానేసి మా గేటుకు అవతల ఉన్న పాత స్టేషన్‌ని బాగుచేయించి టీ కొట్టు పెట్టింది. వెయిటింగ్ రూములో టీ, స్కోన్లనే చిన్న రొట్టెలు. టికెట్ల గదిలో సైకిళ్ళ మరమ్మతు. మా నాన్న నిలబడి జీతం తీసుకున్న కిటికీలోంచి ఆయన మనవరాలు పంక్చర్ వేసిన సైకిల్ అందించేది. అది చూసి నాకు గర్వంగా ఉండేది. ఆమెతో మాత్రం ఆ మాట అనలేదు.

ఇక గేట్ల సంగతి. సంతకాలు పెట్టేటప్పుడు పదకొండు మందిమీ ఒకే షరతు పెట్టాం. ఏడాదికి ఒకరోజు, ఫిబ్రవరి మొదటి మంగళవారం, పదకొండు గేట్లకూ తాళాలు పడాలి. దారి జనానిది కాదు, మాది, మేం పోనిస్తున్నాం కాబట్టి పోతున్నారు అని చాటే రోజు అది. ఆ ఒక్కరోజూ మూయకపోతే రేపెప్పుడో ఇది హక్కుగా మారుతుందని మా భయం. భూమి విషయంలో మన భయాలు మీకు తెలియనివి కావు.

తాళాలు ఎవరివి వాళ్ళు వేసుకుంటామంటే మాలో మాకు నమ్మకం లేదు. పక్కవాడు వేశాడో లేదో అని ప్రతివాడికీ అనుమానం. చివరికి పదకొండు తాళంచెవులూ ఈటాకిచ్చాం. ఆ రోజు తెల్లవారుజామున పైనుంచి బయల్దేరి ఒక్కో గేటూ వేసుకుంటూ సముద్రం దాకా పోయేది. సాయంత్రం తీసుకుంటూ వెనక్కి వచ్చేది. ఫిబ్రవరి చలిలో డెబ్బై ఆరు కిలోమీటర్లు, ఇరవై రెండుసార్లు దిగడం, ఎక్కడం. ఆరేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆ సాయంత్రం ఊరి హాల్లో పదకొండు ఇళ్ళవాళ్ళం కలిసి పంది మాంసం, క్యాబేజీ తినేవాళ్ళం. ఈటా తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టగానే భోజనం మొదలయ్యేది.

మిగతా పది గేట్లకీ కొట్లో కొన్న తాళాలు. తొమ్మిదో గేటుకి, అంటే నా గేటుకి, మా నాన్న రైల్వే తాళం కప్ప. ఇత్తడిది, అరచేయంత. కంపెనీ అక్షరాలు అరిగిపోయాయి కానీ చేత్తో తడిమితే తెలుస్తాయి. రైలు ఆగిపోయిన రోజు మా నాన్న ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే. అరవై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా మొరాయించలేదని నేను చెప్పని మనిషి ఈ లోయలో లేడు.

ఏడో ఏడు, ఫిబ్రవరి ఏడో తేదీ. రాత్రి మంచు గడ్డకట్టింది. పొద్దున ఎండ కాసింది. మధ్యాహ్నం గొర్రెల్ని చూడటానికి పోతే తొమ్మిదో గేటు బార్లా తీసి ఉంది. గొలుసు చివర తాళం తెరుచుకుని వేలాడుతోంది. డబ్లిన్ నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు సైకిళ్ళ మీద హాయిగా నా నేలలోకి వస్తున్నారు.

"ఈ రోజు దారి మూత," అన్నాను.

"అలాగా పెద్దాయనా? పైన గేటు మూసి ఉంటే రోడ్డు మీంచి వచ్చాం. ఇది తీసే ఉంటే దిగాం," అన్నాడొకడు, మర్యాదగానే.

తాళం ఊడదీసి జేబులో వేసుకుని, గేటుకి తాడు కట్టాను. సాయంత్రం ఈటా వచ్చేసరికి అక్కడ తాడే ఉంది.

హాల్లో అందరూ కూర్చున్నారు. ఈటా గుత్తి బల్లమీద పెట్టింది. కూర్చోబోతుంటే అడిగాను.

"తొమ్మిదో గేటు వేశావా?"

"వేశాను బాబాయ్. నొక్కాక లాగి కూడా చూశాను. తాళం ఏమైంది, అక్కడ లేదే?"

తాళం తీసి నా కంచం పక్కన పెట్టాను. "మధ్యాహ్నానికి తీసే ఉంది. పరాయివాళ్ళు ముగ్గురు నా నేలలో తిరుగుతున్నారు."

"నేను వేశాను."

"అయితే మీ తాత తాళం అబద్ధమాడుతోందా?"

నాలుగో గేటు కోల్మన్ రుయేన్ గొంతు సవరించుకున్నాడు. "ఫెస్టస్, ఆ తాళానికి పెన్షన్ వయసు ఎప్పుడో దాటింది. ఈసారికి వదిలెయ్." అందరూ నవ్వారు. ఈటా కూడా కొంచెం నవ్వబోయింది.

వాళ్ళు నవ్వకపోయి ఉంటే నేను ఆగేవాణ్ణేమో. "మనిషి మాట తప్పుతుందేమో గానీ ఇది తప్పదు," అన్నాను. "మీ నాన్న బతికుంటే ఈ మాట నీకు వాడే చెప్పేవాడు."

మాలకీ పేరు ఎత్తకుండా ఉండాల్సింది. ఈటా తినకుండా వెళ్ళిపోయింది. డెలియా ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. తర్వాత చాలా రోజులు కూడా.

మర్నాడు గేటుకి గొలుసు చుట్టి అదే తాళం వేశాను. ఈసారి తీయడానికి కాదు. ఒక్కరోజు తెరిచి ఉన్నంత మాత్రాన హక్కూ రాదు, పోదూ అని లాయరు తర్వాత చెప్పాడు. ముందే అడగాల్సింది. నేను అడిగింది మూసిన తర్వాత. ఆయన చెప్పాక కూడా తీయలేదు.

ఈటా ఒకసారి వచ్చింది. వెనక తలుపులోంచి కాదు, ముందు తలుపు తట్టింది.

"బాబాయ్, కోపం నా మీదైతే నన్ను రావద్దను. దారినెందుకు మూస్తావ్?"

"తాళం వేయడం రానివాళ్ళకి దారెందుకు?"

ఆమె నా వంక చూసి, "మణికట్టు విరిగిన రోజు కూడా నువ్వు ఇంత దూరంగా లేవు," అంది. టీ పెడతానని డెలియా లేచింది. ఈటా ఆగలేదు.

మా గేటు మూతపడితే చుట్టూ తిరిగి బురదనేల రోడ్డు ఎక్కాలి. ఆరు కిలోమీటర్లు, నిట్టనిలువు, పైగా కర్రదుంగల లారీలు. పిల్లలతో వచ్చేవాళ్ళు మానేశారు. గురువారం గుంపులో పదహారుమంది నలుగురయ్యారు. స్టేషన్ టీ కొట్టుకి ఇటునుంచి వచ్చే మనిషి లేడు. ఆ సెప్టెంబరు చివర్న మూసేసింది. అక్టోబరులో సైకిల్‌ని అట్టపెట్టెలో సర్దుకుని ఉత్తర స్పెయిన్ వెళ్ళింది. అక్కడ గనుల కోసం వేసిన రైలు లైను ఒకటి ఇలాగే సైకిల్ దారి చేశారు. దాని బాగోగులు చూసే పని. యాభై మూడేళ్ళ వయసులో, భాష తెలియని దేశంలో, వేరేవాళ్ళ లోయలో గుంటలు పూడ్చడానికి పోయింది. బయల్దేరేముందు డెలియాకి చెప్పి వెళ్ళింది. నేను గొర్రెల దొడ్డిలో ఉన్నాను. కారు చప్పుడు విన్నాను. బయటికి రాలేదు.

తర్వాతి రెండు చలికాలాలూ వానలే తప్ప మంచు లేదు. ఈ ఏడు జనవరిలో వరుసగా ఏడు రోజులు గడ్డకట్టింది. మూడో రోజు పదకొండింటికి చూస్తే గొలుసు జారి ఉంది, తాళం తెరుచుకుని ఉంది. ఎవడో సైకిలువాడు దొంగ తాళంచెవి చేయించాడనుకున్నాను. మర్నాడు తెల్లవారగానే తాళం వేసి, లాగి చూసి, గోడ వెనక బస్తా పరుచుకుని కూర్చున్నాను. చేతికర్ర పక్కన పెట్టుకున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని, రెండు చొక్కాల మీద కోటు వేసుకుని దొంగ కోసం కాపు కాశాను.

ఎవరూ రాలేదు. ఎండ గుట్ట మీంచి దిగి గేటు కమ్మీ మీదికి, అక్కణ్ణుంచి తాళం మీదికి వచ్చింది. తాళం అడుగున ఒక నీటి చుక్క వేలాడింది. ఇంకొకటి. కాసేపటికి టక్కుమని చిన్న చప్పుడైంది. కడ్డీ పైకి లేచింది. గొలుసు దానంతటది జారింది.

లేచి వెళ్ళి చేతిలోకి తీసుకుని చూశాను. తాళంచెవి పెట్టే కంత మీద చిన్న ఇత్తడి మూత ఉండేది. ఈటాని నిలదీసిన ఏడాదికి ముందు ఆకురాలే కాలంలో, బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెడితే, మెరవాలని ఆ తాళాన్ని రెండు రోజులు తోమాను. అప్పుడే ఆ మూత ఊడిపోయింది. ఊడిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా తాళం పరువు పోతుందని. ఆ కంతలోంచి వాన నీళ్ళు లోపలికి పోతున్నాయి. మంచు పడినప్పుడు అవి గడ్డకట్టి ఉబ్బి, లోపలి కొక్కేన్ని వెనక్కి నెట్టి, దాని బదులు కడ్డీని పట్టుకుంటున్నాయి. లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఎండ తగిలితే ఊడిపోతుంది.

ఈటా తాళం వేసింది. లాగి కూడా చూసింది.

ఆ రోజే ఆమెకు ఫోన్ చేసి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. చేయలేదు. కొట్లో కొత్త తాళం కొని గేటుకి వేసి, పాతది సొరుగులో పడేశాను. ఏడు నెలలు అలాగే ఉన్నాను. డెలియాతో కూడా అనలేదు. జిల్లా సంతలో మూడు బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి, ఒక మాట బయటికి తెచ్చుకోలేకపోయాను.

ఆగస్టులో ఒకరోజు వానలో వ్యాను మీద వస్తున్నాను. బురదనేల రోడ్డు మీద కన్సెప్టా మల్‌రాయ్ సైకిల్ నెట్టుకుంటూ ఎక్కుతోంది. ఆవిడకి డెబ్బై ఒకటి. ఈటా దగ్గర నేర్చుకున్న తొమ్మిదిమందిలో ఆవిడొకరు, గురువారం గుంపులో మిగిలిన నలుగురిలోనూ ఒకరు. లారీ ఒకటి ఆవిడ మీద బురదనీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. నేను ఆపాను.

"ఎక్కండి కన్సెప్టా. సైకిల్ వెనక పెడతాను."

"మీ బండి ఎక్కను ఫెస్టస్. మీ గేటు తీస్తే అందులోంచి పోతాను."

వానలో ఆవిడ ముందు నిలబడి తాళం సంగతి చెప్పాను. మంచు, మూత, గోడ వెనక కాపలా, అన్నీ. ఆవిడ మొత్తం విని, కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నాకెందుకు చెబుతున్నారు? స్పెయిన్‌లో ఉన్నది నేను కాదుగా."

ఆ సాయంత్రమే గేటు తీశాను. ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగుసార్లూ నా గురించే రాసుకున్నట్టు వచ్చింది. చివరికి ఒక కాగితం మీద "నువ్వు వేశావు. నాదే తప్పు. గేటు తీసి ఉంది. ఫిబ్రవరికి తాళాలు వేసేవాళ్ళు లేరు," అని రాసి, దాంతోపాటు మా నాన్న తాళం కూడా డబ్బాలో పెట్టి పంపాను. ఎందుకు ఊడుతుందో కింద రెండు ముక్కలు రాశాను. హాల్లో ఎవరెవరి ముందు ఆమెను నిలదీశానో, అదే పదిమందిని సెప్టెంబరులో అదే హాలుకి పిలిచి చెప్పాను. కోల్మన్ రుయేన్ ఈసారి నవ్వలేదు.

అక్టోబరు చివర్న జవాబు వచ్చింది. కార్డు మీద కొండలు, ఒక సొరంగం. వెనక ఆమె చేతిరాత.

"బాబాయ్, తాళం అందింది. నీళ్ళు పోసి ఐస్ పెట్టెలో పెట్టి చూశాను. నువ్వు రాసినట్టే ఊడింది. నేను సరిగ్గా వేయలేదేమో అని మూడేళ్ళుగా నాకూ అనుమానంగానే ఉండేది. ఇక్కడ గేటు వేసిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి రెండోసారి చూసుకుంటున్నాను. గేట్లు వేయడానికి వస్తాను. ఉండిపోతానని మాత్రం అనుకోవద్దు, ఇక్కడ పని ఉంది. కొట్లో తాళమే పెట్టు. తాత తాళం నా దగ్గరే ఉంటుంది. పిన్నికి ముద్దులు."

తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. పదకొండు ఇళ్ళు నమ్మి తాళంచెవులిచ్చిన చేతులు అవి. ఈ ఒక్కటీ ఏ సంతకంతోనూ తీరేది కాదు. ఆమె చేసిన పనులన్నీ ఈ సంచికలో రాయమని మన చర్చి ఫాదర్ అడిగితే, వాటితోపాటు నేను చేసింది కూడా రాస్తానని ఒప్పుకున్నాను.

దారి మీద రెండు గుంటలున్నాయి, మా కోతలో ఒక తూము పూడింది. క్రిస్మస్ అయ్యాక కోల్మనూ నేనూ వాటి పని చూస్తాం. స్టేషన్ తాళంచెవి డెలియా దగ్గర ఉంది. ఆవిడ కిటికీలు తుడవడం మొదలుపెట్టింది. గురువారం గుంపువాళ్ళు ఆ మంగళవారం తెల్లవారుజామున ఈటా వెంట తొక్కుతామని పేర్లు ఇచ్చారు, ఇప్పటికి పన్నెండు. ఇంకెవరన్నా ఉంటే కన్సెప్టాకి చెప్పండి. తాళాలు పడేది ఫిబ్రవరి రెండున. ఈటా వచ్చేది అంతకు ముందురోజు, ఫిబ్రవరి ఒకటో తేదీ, సోమవారం.